హెపటైటిస్ పాఠాలు – 4: ‘పాజిటివ్’ సరే, ఏది పాజిటివ్?

ఈ వారం హెపటైటిస్ (వైరస్ వల్ల లివర్‌కు వచ్చే వాపు) టీకా షెడ్యూలు చెప్పాలనుకున్నాను. మీ జవాబులు చూశాక దాన్ని పక్కన పెట్టాను.

పోయిన పాఠంలో చదవమని ఇచ్చిన మూడో రక్తపరీక్ష రిపోర్టులో ‘యాంటీ-హెచ్‌సీవీ రియాక్టివ్’ అని ఉంది. అంటే హెపటైటిస్-సి వైరస్ మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ రక్తంలో కనిపించిందని. మీలో చాలామంది ‘ఇతనికి రక్షణ ఉంది’ అని రాశారు. తప్పు నాదే. ‘యాంటీ అని ఉంటే కాపలా ఉన్నట్టు’ అనే గుర్తు చెప్పింది నేను. అది హెపటైటిస్-బిలో ఒక్క పరీక్షకే పనికొస్తుందని చెప్పలేదు. ఆ మనిషి మీ మాట నమ్మి ఇంటికెళ్లిపోతే, లివర్ గట్టిపడేదాకా అతనికి ఏమీ తెలియకపోవచ్చు. అందుకే మళ్లీ మొదటి నుంచి చెబుతాను.

బి వైరస్‌ను మామిడికాయ అనుకోండి. పైన తొక్క, లోపల టెంక.

హెచ్‌బీఎస్‌ఏజీ అంటే తొక్క. అది రక్తంలో కనిపిస్తే వైరస్ ఒంట్లో ఉన్నట్టే. ఆరు నెలలు దాటినా పోకపోతే దీర్ఘకాలిక జబ్బు. (టీకా వేయించుకున్న కొద్దిరోజులకే పరీక్ష చేస్తే టీకాలోని తొక్కే కనిపించి కంగారు పెడుతుంది. నేనైతే నెల ఆగి చేయించమంటాను.)

యాంటీ-హెచ్‌బీఎస్ అంటే తొక్కను పట్టుకునే యాంటీబాడీ. మూడు డోసులు పూర్తయిన నెల, రెండు నెలలకు చూస్తే 10 యూనిట్లు గానీ అంతకు మించి గానీ ఉండాలి. ఇక్కడ మాత్రం పాజిటివ్ మంచి వార్త.

యాంటీ-హెచ్‌బీసీ అంటే టెంక మీది యాంటీబాడీ. టీకాలో తొక్క తప్ప టెంక ఉండదు. కాబట్టి ఇది పాజిటివ్ అయితే ఎప్పుడో ఒకప్పుడు అసలు కాయే ఒంట్లోకి వచ్చిందని అర్థం. ‘టీకా వల్ల వచ్చింది’ అని రాసినవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవండి.

ఇక సి. యాంటీ-హెచ్‌సీవీ ఎవరినీ కాపాడదు. వైరస్ ఒకసారి వచ్చిందని మాత్రమే చెబుతుంది. జబ్బు నయమైనా అది రక్తంలో ఉండిపోతుంది. ఇప్పుడు వైరస్ ఉందా లేదా తేల్చేది, వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. ఉంటే భయపడక్కర్లేదు: సాధారణంగా 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. కానీ సికి టీకా లేదు, నయమయ్యాక మళ్లీ అంటుకోవచ్చు కూడా.

హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఈ కలుషితమైన నీళ్లు, తిండితో వస్తాయని మీకు తెలుసు. చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. కామెర్లకు ఇచ్చే పసరు మందుకు పేరొచ్చింది అందుకే. గర్భిణికి హెపటైటిస్-ఈ వస్తే మాత్రం ప్రాణం మీదికి రావచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

హాస్టల్లో ఉన్నవాళ్లకు ఒక్క మాట. బి ఉన్న స్నేహితుడి కంచం వేరు పెట్టకండి. కలిసి తింటే, కౌగిలించుకుంటే అది రాదు. వేరు పెట్టాల్సింది రేజరు, టూత్ బ్రష్. బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది, కాబట్టి ఎండిపోయిన బ్లేడునూ నమ్మొద్దు. టాటూ వేయించుకుంటే కొత్త సూది కళ్లముందే విప్పించండి. సెక్స్‌లో కండోమ్ తప్పనిసరి.

అభ్యాసం. ముందు మీ టీకా కార్డు వెతకండి. బి టీకా దేశమంతటా పిల్లల టీకాల్లో చేరింది 2011లో. అంతకుముందు పుట్టినవాళ్లు ‘వేసే ఉంటారులే’ అనుకోవద్దు. తర్వాత ఈ నలుగురి రిపోర్టులు చదవండి:

ఒకరికి హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్, యాంటీ-హెచ్‌బీఎస్ 85, యాంటీ-హెచ్‌బీసీ నెగటివ్.
రెండో మనిషికి మొదటి రెండూ అలాగే, యాంటీ-హెచ్‌బీసీ పాజిటివ్.
మూడో మనిషికి మూడూ నెగటివ్. ‘సేఫ్’ అని రాసి ఊరుకుంటే మార్కులు లేవు.
నాలుగో మనిషికి యాంటీ-హెచ్‌సీవీ పాజిటివ్, ఆర్‌ఎన్‌ఏ కనిపించలేదు.

నలుగురి అమ్మలకూ తలా మూడు వాక్యాల్లో విషయం చెప్పండి. పాజిటివ్, నెగటివ్ అనే మాటలు ఎక్కడా వాడకూడదు.