కొత్త దేశంలో బాక్సింగ్: మీ కార్నర్‌లో ఎవరు నిలబడాలి?

కొత్త దేశానికి వచ్చి ఇల్లు, ఉద్యోగం కాస్త కుదురుకున్నాక మళ్ళీ గ్లోవ్స్ తొడుక్కుందాం అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. చాలామంది ఇంటికి దగ్గర్లో ఏ జిమ్ ఉందో చూసుకుని చేరిపోతారు, కసరత్తు కోసమే అయితే ఏ ఇబ్బందీ లేదు. పోటీకి దిగాలని ఉంటే మాత్రం ముందు మీ కార్నర్‌లో, అంటే రౌండ్ల మధ్య మీరు వచ్చి కూర్చునే రింగ్ మూలలో, మీ పక్కన నిలబడే కోచ్‌ని వెతకండి, జిమ్ సంగతి తర్వాత.

మన ఊళ్ళో అయితే ఫలానా కోచ్ దగ్గరికి వెళ్ళొద్దు, కుర్రాళ్ళని దెబ్బలకి వదిలేస్తాడు అని ఎవరో ఒకరు చెవిన వేస్తారు. ఇక్కడ ఆ మాట చెప్పేవాళ్ళు ఉండరు. నేను వచ్చిన కొత్తలో చేరిన జిమ్‌లో రెండో వారమే నాకంటే బాగా బరువున్నవాడితో స్పారింగ్‌కి, అంటే సాధన కోసం ఆడే పోటీకి, దింపారు. గంట మోగి నా మూలకి వచ్చి నిలబడితే మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు కూడా లేరు, కోచ్ ఫోన్ మాట్లాడుకుంటున్నాడు. రెండు రోజులు తలనొప్పి తగ్గలేదు. భాష సరిగ్గా రాదు, కొత్తవాణ్ణి, ఏమైనా అంటే బాగుండదేమోనని నోరు మూసుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. మీరు వెళ్ళకండి.

చేతులకి ప్యాడ్స్ (మెత్తలు) తొడుక్కుని వాటి మీద గుద్దించడం చూసి కోచ్‌ని అంచనా వేయొద్దు. చప్పుడు బాగా వచ్చేలా ప్యాడ్స్ పట్టేవాళ్ళు చాలామంది ఉంటారు, వీడియోల్లో అది అద్భుతంగా కనిపిస్తుంది కూడా. అసలు పనితనం రౌండ్ల మధ్య దొరికే ఆ 60 సెకన్లలో తెలుస్తుంది. స్టూల్ మీద కూర్చోబెట్టి, మౌత్‌గార్డ్ తీసి, ఊపిరి అందుకోనిచ్చి, నీళ్ళు పట్టి, మొహం తుడిచేసరికి సగం సమయం అయిపోతుంది. మిగిలిన ఇరవై ముప్పై సెకన్లలో ఒక మాట, మహా అయితే రెండు మాటలు బుర్రకెక్కుతాయి. కాబట్టి ఏదైనా పోటీ జరిగే రోజు వెళ్ళి కార్నర్‌కి దగ్గరగా కూర్చోండి, ముఖ్యంగా ఓడిపోతున్నవాడి కార్నర్‌కి. ముగ్గురు ఒకేసారి అరుస్తున్నారా, ఒక్కరే మాట్లాడుతున్నారా? "కొట్టు, కొట్టు" అంటున్నారా, లేక "జ్యాబ్ వేశాక కుడిపక్కకి తప్పుకో" అని చేయగలిగే పని చెబుతున్నారా? ఓడినవాణ్ణి రింగ్ నుంచి ఎలా దింపుతున్నారు, డాక్టర్ దగ్గరికి వెంట ఎవరు వెళ్తున్నారు? ఒక్క సాయంత్రం ఇది గమనిస్తే నెల రోజుల ట్రయల్ క్లాసుల్లో తెలియనిది తెలుస్తుంది.

1981లో షుగర్ రే లెనార్డ్, థామస్ హెర్న్స్‌తో తలపడినప్పుడు స్కోర్‌కార్డుల మీద వెనకబడ్డాడు. 13వ రౌండ్‌కి ముందు అతని ట్రైనర్ ఏంజెలో డండీ అతని మొహం మీదే ఇది చేజార్చుకుంటున్నావని చెప్పేశాడు. లెనార్డ్ లేచి వెళ్ళి 14వ రౌండ్‌లో ఫైట్ ముగించాడు. అంత పెద్ద బాక్సర్‌తో అంత సూటిగా మాట్లాడాలంటే ఇద్దరి మధ్య నమ్మకం ఉండాలి. "బాగా ఆడుతున్నావ్" అని ప్రతి రౌండ్‌కీ ఒకే మాట చెప్పే కోచ్ ఆ పని చేయలేడు.

భాష దగ్గరికి వస్తే, మనకి ఇది చాలా పెద్ద విషయం. ఆఫీసులో పరాయి భాష ఎంత ధారాళంగా మాట్లాడినా, గుండె దడదడలాడుతూ చెవుల్లో హోరు వినిపిస్తున్నప్పుడు అది సగం కూడా అర్థం కాదు. స్పారింగ్‌లోనే పరీక్షించుకోండి, కోచ్ చెప్పింది తర్వాతి రౌండ్ మొదట్లో మీకు గుర్తుందో లేదో. గుర్తుండకపోతే ఐదారు చిన్న మాటలు ముందే అనుకోండి, ఒక్కో మాటకి ఒక్కో పని. అవి మీ భాషలోవైనా ఫర్వాలేదు, మంచి కోచ్ నేర్చుకుంటాడు. ఇదంతా నాకెందుకు అనే కోచ్ అయితే వేరేవాళ్ళని చూసుకోండి. అలాగని మన భాష మాట్లాడతాడన్న ఒక్క కారణంతో కూడా ఎవరి దగ్గరా చేరొద్దు.

సామాను కూడా అడిగి చూడండి. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో మైక్ టైసన్ ఓడినరోజు అతని కన్ను వాచిపోతుంటే, వాపుని అదిమిపెట్టే చల్లటి ఇనుప ముక్క కూడా కార్నర్‌లో లేదు. రబ్బరు గ్లోవ్‌లో చల్లటి నీళ్ళు పోసి కంటికి అద్దారు. ప్రపంచ ఛాంపియన్ కార్నర్‌లోనే అలా జరిగింది. వాజెలిన్, ఐస్, శుభ్రమైన తువ్వాళ్ళు, దూది, కత్తెర, అదనపు మౌత్‌గార్డ్ ఉన్నాయా? గ్లోవ్స్ లోపల చేతులకి ర్యాప్ (గుడ్డ పట్టీ) ఎవరు కడతారు? కట్టాక పిడికిలి బిగిస్తే నొప్పి లేకుండా, వేళ్ళు తిమ్మిరెక్కకుండా ఉండాలి.

ఇక కాగితాలు. ఆ దేశపు బాక్సింగ్ సంఘంలో కోచ్ పేరు నమోదై ఉందా, మీ వైద్య పరీక్షలు ఎవరు చేయిస్తారు, గాయాలకి బీమా ఉందా, ఇవి చేరకముందే అడగండి. డబ్బు ఎంత, దేనికెంత అన్నది కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

నేను అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ బాక్సర్ ఆడతానంటున్నా మీరు ఫైట్ ఆపించిన సందర్భం ఉందా?" జవాబు కంటే అది చెప్పే తీరు గమనించండి. 1975 అక్టోబర్ 1న మనీలాలో మహమ్మద్ అలీతో 14 రౌండ్లు ఆడిన జో ఫ్రేజియర్‌కి కళ్ళు వాచి సరిగ్గా కనిపించడం లేదు. ఇంకొక్క రౌండే మిగిలింది, ఫ్రేజియర్ వెళ్తానన్నాడు, కానీ అతని ట్రైనర్ ఎడ్డీ ఫచ్ వెళ్ళనివ్వలేదు. అప్పటికి అలీ కూడా ఎంత అలిసిపోయాడో అందరికీ తెలుసు, ఆ రౌండ్ ఆడి ఉంటే ఫ్రేజియర్ గెలిచేవాడేమో అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నా దృష్టిలో ఫచ్ చేసిందే సరైనది. మన వైపు నుంచి ఫైట్ ఆపమని టవల్ విసిరే బంధువులు ఆ హాల్లో ఎవరూ ఉండరు, ఆ పని మొత్తం ఆ ఒక్క మనిషి మీదే ఉంటుంది. నా కుర్రాళ్ళు ఎప్పుడూ వెనక్కి తగ్గరు అని గర్వంగా చెప్పే కోచ్‌కి నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి. అలాగే తలకి గట్టి దెబ్బ తగిలాక ఎన్ని రోజులు స్పారింగ్ ఆపిస్తారో అడగండి, డాక్టర్ సరే అనేవరకు అన్న మాట రావాలి.

ఒకసారి కుదుర్చుకున్నాక మొదటి ఫైట్‌కి ముందు ఒక కాగితం మీద మీ బ్లడ్ గ్రూప్, వాడే మందులు, పడని మందులు, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు రాసి కోచ్ చేతికి ఇవ్వండి. ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే అంబులెన్స్‌లో నాతోపాటు ఎవరు ఎక్కుతారు అని అడిగి, ఆ పేరు కూడా ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంచండి.