న్యూజిలాండ్‌లో జపాన్ సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? మీటర్ రీడింగ్ నిజమో కాదో ఇలా తేల్చుకోండి

ఆక్లాండ్‌లో దిగిన తెలుగు కుటుంబాలకైనా, చదువుకోవడానికి వచ్చిన పిల్లలకైనా మొదటి కారు చాలావరకు జపాన్‌లో వాడి తెచ్చినదే అవుతుంది. టొయోటా ఆక్వా, ప్రియస్, మాజ్దా డెమియో, హోండా ఫిట్, ఏ కార్ యార్డులో చూసినా ఇవే వరసగా ఉంటాయి. బండ్లు మంచివే, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. చిక్కంతా మీటర్ దగ్గరే. లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగిన బండిని ఎనభై వేలని నమ్మి కొంటే, ఎక్కువ ధర పెట్టినందుకే కాదు, త్వరలో రాబోయే హైబ్రిడ్ బ్యాటరీ, గేర్‌బాక్స్ ఖర్చులకు కూడా మీరే బలవుతారు. డిజిటల్ మీటర్ కాబట్టి ఎవరూ తిప్పలేరని అనుకోకండి. ల్యాప్‌టాప్, చిన్న పరికరం ఉంటే అంకె మార్చేయొచ్చు.

అందుకే డాష్‌బోర్డు మీద కనిపించే అంకెను సాక్ష్యంగా తీసుకోకండి. తేదీతో సహా వేరే చోట నమోదైన రీడింగే సాక్ష్యం. అలాంటివి కనీసం రెండు మూడు దొరికేదాకా డిపాజిట్ కూడా కట్టకండి.

1. ఛాసిస్ నంబర్ మీరే చూసి రాసుకోండి

అమ్మేవాళ్లు మెసేజ్‌లో పంపిన నంబర్ మీద ఆధారపడొద్దు. జపాన్ బండ్లకు మోడల్ కోడ్‌తో మొదలయ్యే ఛాసిస్ నంబర్ ఉంటుంది. మొదటి తరం ఆక్వా అయితే ఎన్‌హెచ్‌పీ10 అని మొదలై, గీత తర్వాత అంకెలు వస్తాయి. బానెట్ ఎత్తితే ఇంజన్ వెనక గోడ మీద గానీ, ముందు సీటు కింద గానీ చెక్కి ఉంటుంది. న్యూజిలాండ్‌కు వచ్చాక అదే బండికి ఇక్కడి 17 అక్షరాల విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) ఇస్తారు. అది 7ఏటీ తోనో, కొంచెం పాత బండ్లకు 7ఏ8 తోనో మొదలైతే, సాధారణంగా ఆ బండి వేరే దేశంలో తిరిగి వచ్చిందని అర్థం. రెండు నంబర్లూ ఫొటో తీసి పెట్టుకోండి.

2. న్యూజిలాండ్ రికార్డు చూడండి, కానీ అక్కడితో ఆగకండి

ఇక్కడ బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని చూసే తనిఖీ వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్, అందరూ వోఫ్ అనేది, చేయించిన ప్రతిసారీ రీడింగ్ నమోదవుతుంది. కార్‌జామ్ లాంటి సైట్లో నంబర్ ప్లేట్ కొట్టి పూర్తి రిపోర్టు కొంటే ఆ రీడింగులు తేదీలతో వరసగా వస్తాయి. బండి మీద అప్పు ఉందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది. ఒక వోఫ్‌లో 1,12,000 ఉండి తర్వాతి వోఫ్‌లో 94,000 ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, వదిలేయండి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. రిపోర్టులో రీడింగులన్నీ సాఫీగా పెరుగుతూ కనిపిస్తే 'క్లీన్ బండి' అనేసుకుంటారు. కానీ ఆ వరస మొదలయ్యేది బండి న్యూజిలాండ్‌లో దిగాకే. ఓడ ఎక్కకముందే జపాన్‌లో మీటర్ తిప్పేసి ఉంటే, ఇక్కడ మొదటి రోజు నమోదైన అంకే అబద్ధం. ఆ తర్వాతివన్నీ ఆ అబద్ధం మీదే పెరుగుతూ పోతాయి. కాబట్టి అసలు పని జపాన్ కాగితాల దగ్గర ఉంది.

3. జపాన్ కాగితాలు అడగండి

రెండు కాగితాల కాపీలు అడగాలి. మొదటిది ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్. బండిని జపాన్ రిజిస్ట్రేషన్ నుంచి తీసేసి బయటికి పంపేటప్పుడు ప్రభుత్వం ఇచ్చే పత్రం ఇది. ఇందులో ఛాసిస్ నంబరుతో పాటు అక్కడి తనిఖీలో నమోదైన రీడింగ్ కూడా ఉంటుంది. జపాన్‌లో సొంత కార్లకు కొన్నాక మూడేళ్లకు మొదటిసారి, ఆ తర్వాత రెండేళ్లకోసారి షాకెన్ అనే కఠినమైన తనిఖీ తప్పనిసరి. ఆ రోజు చూసిన రీడింగ్ వాళ్ల పత్రాల్లోకి ఎక్కుతుంది. న్యూజిలాండ్‌లో మొదట నమోదైన రీడింగ్ దానికంటే తక్కువ ఉంటే మీటర్ మీద ఎవరో చెయ్యి వేశారన్నమాటే.

రెండోది ఆక్షన్ షీట్. ఇక్కడికి వచ్చే బండ్లలో ఎక్కువ భాగం జపాన్ వేలం పాటల్లో కొన్నవే. వేలానికి ముందు ఇన్‌స్పెక్టర్ బండి చూసి గ్రేడ్, గీతలు, సొట్టలు, రీడింగ్ అన్నీ ఒక కాగితం మీద రాస్తాడు. గ్రేడ్ గడిలో ఆర్ అనో ఆర్ఏ అనో ఉంటే సాధారణంగా ప్రమాదం జరిగి బాగు చేసిన బండి అని. రీడింగ్ మీద అనుమానం ఉన్నా, మీటర్ మార్చి ఉన్నా ఆ సంగతి కూడా షీట్ మీద జపనీస్‌లో రాస్తారు. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకుంటే సరిపోతుంది. దొంగ షీట్లు కూడా ఉంటాయి. అమ్మేవాళ్లిచ్చిన దాంతో సరిపెట్టుకోకుండా, ఛాసిస్ నంబర్ ఇస్తే పాత షీట్ వెతికిపెట్టే పెయిడ్ సైట్ నుంచి మీరే ఒకటి తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

"జపాన్‌లో అందరూ రైళ్లలోనే తిరుగుతారండీ, అందుకే తక్కువ కిలోమీటర్లు" అని డీలర్ అంటే అది పూర్తిగా అబద్ధం కాదు. నిజంగానే తక్కువ తిరిగిన బండ్లు అక్కడ చాలా ఉంటాయి. అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన అనుమానించక్కర్లేదు. ఆ అంకెకు కాగితం చూపించలేకపోతేనే అనుమానించాలి.

4. డోర్ తెరిచి స్టిక్కర్లు వెతకండి

నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇది. జపాన్ గ్యారేజీల్లో ఆయిల్ మార్చినప్పుడు డ్రైవర్ డోర్ అంచున గానీ, డోర్ మూసే స్తంభం మీద గానీ, బానెట్ కింద గానీ చిన్న స్టిక్కర్ అంటిస్తారు. తేదీ, అప్పటి కిలోమీటర్లు, మళ్లీ ఎప్పుడు మార్చాలో దాని మీద ఉంటాయి. మీటర్ తిప్పినవాళ్లు వీటిని పీకేయడం మర్చిపోతుంటారు.

తేదీ జపాన్ లెక్కలో ఉండొచ్చు. ఆర్ అక్షరం పక్కన అంకె ఉంటే దానికి 2018 కలపండి, హెచ్ ఉంటే 1988 కలపండి. ఆర్1 అంటే 2019, హెచ్28 అంటే 2016. ఉదాహరణకు స్టిక్కర్ మీద ఆర్1, 98,400 అని ఉండి, డాష్‌బోర్డు ఇప్పుడు 84,000 చూపిస్తోందనుకోండి. ఇంకే రుజువూ అక్కర్లేదు. స్టిక్కర్ పీకేసిన చోట జిగురు మరక ఉంటే అదీ గమనించండి, ఎందుకు తీశారని అడగండి.

అలాగే బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద చేతులు పడే చోటు, డ్రైవర్ సీటులో డోర్ వైపు అంచు చూడండి. యాభై వేలు తిరిగిన బండిలో ఇవి నున్నగా అరిగిపోవు. పెడల్ రబ్బరు మాత్రం కొత్తగా మెరుస్తూ, మిగతావన్నీ పాతగా ఉన్నా అనుమానించాల్సిందే.

5. మీ తరఫు మెకానిక్‌కు చూపించండి

డీలర్ చెప్పిన మెకానిక్ వద్దు. కొనేముందు చేసే ఇన్‌స్పెక్షన్‌కు డబ్బులు అవుతాయి, అయినా వెనకాడొద్దు. కంప్యూటర్ పెట్టి స్కాన్ చేయమనండి. కొన్ని బండ్లలో మీటరులో కాకుండా వేరే ఎలక్ట్రానిక్ మాడ్యూల్లో కూడా కిలోమీటర్లు నిలవ ఉంటాయి. హైబ్రిడ్ అయితే పెద్ద బ్యాటరీ పరిస్థితి తప్పకుండా చూడమనండి.

6. డబ్బు ఇచ్చేముందు రాతలో తీసుకోండి

డీలర్ అమ్మే ప్రతి వాడిన కారు మీదా కన్స్యూమర్ ఇన్ఫర్మేషన్ నోటీస్ ఉండాలి. అందులో మీటర్ రీడింగ్ ఉంటుంది. రీడింగ్ సరైనదని చెప్పలేమని గానీ, దూరం తెలియదని గానీ రాసి ఉంటే, యార్డులో నోటితో ఎన్ని హామీలిచ్చినా లెక్కలోకి తీసుకోకండి. దెబ్బతిన్న స్థితిలో దిగుమతి అయిందా అన్న గడి కూడా చదవండి. సంతకం పెట్టాక మీ కాపీ తీసుకోవడం మర్చిపోవద్దు.

డీలర్ కాని బయటి వ్యక్తి దగ్గర కొంటుంటే ఆ నోటీసు ఉండదు. కాబట్టి "ఈ రీడింగ్ నిజమైనదేనా, మీటర్ ఎప్పుడైనా మార్చారా?" అని మెసేజ్‌లోనే అడిగి జవాబు తెప్పించుకోండి. ప్రకటన స్క్రీన్‌షాట్ దాచండి.

కొన్నాక బయటపడితే

ముందు బండి వాడకం తగ్గించండి, మీటర్ ఫొటో తీయండి, డీలర్‌కు ఈమెయిల్‌లో రాయండి. ఫోన్లో వాదించి లాభం లేదు. డీలర్ దగ్గర కొన్నదైతే కన్స్యూమర్ గ్యారెంటీస్ యాక్ట్ 1993, ఫెయిర్ ట్రేడింగ్ యాక్ట్ 1986 మీకు అండగా ఉంటాయి. తప్పు తీవ్రమైనదైతే బండి తిరిగిచ్చి డబ్బు వెనక్కి అడగొచ్చు. ఒప్పుకోకపోతే మోటార్ వెహికల్ డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లండి. లక్ష డాలర్ల దాకా క్లెయిములు అక్కడ వింటారు.

బయటి వ్యక్తి దగ్గర కొంటే ఈ రెండు చట్టాలూ మామూలుగా వర్తించవు. కానీ అబద్ధం చెప్పి అమ్మితే కాంట్రాక్ట్ అండ్ కమర్షియల్ లా యాక్ట్ 2017 కింద చిన్న తగాదాలు వినే డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం అడగొచ్చు. ఆ మనిషి ఏడాదిలో ఆరు బండ్లకు మించి అమ్ముతున్నాడని ప్రకటనల్లో తెలిస్తే, చట్టం అతన్ని వ్యాపారిగానే చూసే అవకాశం ఉంది. ఆ ప్రకటనలు కూడా దాచిపెట్టండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే దగ్గర్లోని సిటిజన్స్ అడ్వైస్ బ్యూరోకి కాగితాలన్నీ పట్టుకెళ్లండి. సలహాకు అక్కడ డబ్బు తీసుకోరు.