శత్రువుకి రోజుకి ఎన్ని టన్నులు వస్తున్నాయి? హైఫాంగ్ లెక్క వేసి చూద్దాం

యుద్ధ చరిత్ర చదివేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ దురద పుడుతుంది. పుస్తకంలో "రోజుకి ఇన్ని వేల టన్నులు దిగుమతి" అని ఒక అంకె కనిపిస్తుంది. ఆ టన్నులు ఎవరు తూచారు? శత్రు దేశంలో కూర్చుని ఎవరూ తూచరు కదా. అలాంటి అంకెని ఎలా కడతారో, ఎక్కడ తప్పుతారో వియత్నాం యుద్ధంలో అమెరికాకి శత్రువైన ఉత్తర వియత్నాం కేసు పెట్టుకుని చెప్తాను. ఓడలూ ఉన్నాయి, రైళ్ళూ ఉన్నాయి, బోలెడు కాగితాలు తర్వాత బయటికొచ్చాయి కాబట్టి నేర్చుకోడానికి ఇంతకంటే మంచి కేసు నాకు కనపడలేదు.

ముందు కాగితం మీద మూడు గళ్ళు గీయండి. ఎంత రాగలదు, ఎంత వస్తోంది, ఎంత కావాలి. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం వాదనలు. 1967 ఆగస్టు 25న అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా సెనేట్ సబ్‌కమిటీ ముందు చెప్పిన అంకెలు తీసుకుందాం: ఉత్తర వియత్నాం రోజుకి 14,000 టన్నులు దిగుమతి చేసుకోగలదు, నిజంగా వస్తున్నది 5,800, అందులో 4,700 హైఫాంగ్ రేవు నుంచి. రేవులన్నీ మూసేసినా రైలు, రోడ్డు, నదుల మీద 8,400 తెచ్చుకోగలదు అన్నాడాయన. ఇప్పుడు పెన్ను తీయండి. 14,000లోంచి 8,400 తీసేస్తే సముద్రం వాటా 5,600. అందులో 4,700 వాడేస్తున్నారు అంటే సముద్రం దారి దాదాపు 84 శాతం నిండిపోయింది. నేల దారిలో వాడుతున్నది 1,100 మాత్రమే, 13 శాతం. ఇతర చిన్న రేవుల్ని పట్టించుకోలేదు కాబట్టి ఇది మోటు లెక్కే, అయినా చాలు. నేల మీద అంత ఖాళీ ఉన్నప్పుడు రేవు మూసేస్తే ఊపిరాడక చస్తారు అనేవాళ్ళని కాస్త ఆగమనొచ్చు. మూడో గడి ఇంకా విచిత్రం. దక్షిణ వియత్నాంలో ఉత్తరం తరఫున పోరాడుతున్న దళాలకి తిండి కాక బయటి నుంచి కావాల్సింది రోజుకి 100 టన్నుల లోపే అని ఆయనే చెప్పాడు.

ఇక రైలు. లైను మొత్తం చూడక్కర్లేదు, ఇరుకు ఎక్కడుందో పట్టుకుంటే చాలు. చైనా పట్టాలు 1,435 మిల్లీమీటర్ల వెడల్పు, వియత్నాంవి ఫ్రెంచివాళ్ళు వేసిన మీటర్ గేజ్, అంటే 1,000 మిల్లీమీటర్లే. చైనా వైపు పింగ్‌షియాంగ్, ఇటు డోంగ్ డాంగ్, ఆ సరిహద్దులో సరకంతా ఒక బండి నుంచి ఇంకో బండికి మారాలి. ఇది మనవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు, గుంతకల్లు చూసినవాళ్ళకి తెలుసు. మా పెదనాన్న అక్కడ గూడ్స్ క్లర్కు. ప్లాట్‌ఫాంకి ఒక పక్క బ్రాడ్ గేజ్ వ్యాగన్, రెండో పక్క మీటర్ గేజ్ వ్యాగన్, మధ్యలో భుజాన బస్తా వేసుకుని హమాలీలు. పెద్ద వ్యాగన్ సరకు చిన్నదాన్లో పట్టదు, మిగిలిన సిమెంటు బస్తాలు ఇంకో వ్యాగన్ వచ్చేదాకా అక్కడే పడుండేవి, వానొస్తే తలో టార్పాలిన్ పట్టుకుని పరుగు. "బండ్లెన్ని వచ్చాయని అడక్కురా, షెడ్డు ఎన్ని ఖాళీ చేసిందో అడుగు" అనేవాడాయన. ఈ పని మొత్తానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

అంకెలతో చూస్తే ఇలా ఉంటుంది (ఇవి నేను ఊహించుకున్నవి, పద్ధతి కోసం). రోజుకి 8 బండ్లు, బండికి 20 వ్యాగన్లు, వ్యాగన్‌కి 15 టన్నులు అంటే 2,400 టన్నులు. బాగుంది. కానీ షెడ్డులో గంటకి 60 టన్నులే మారతాయి, పని 20 గంటలే జరుగుతుంది అనుకుంటే వచ్చేది 1,200. ఎప్పుడూ చిన్న అంకెనే పట్టుకోండి. అలాగని దాన్నే పట్టుకుని కూర్చోవద్దు కూడా, ఎందుకంటే యుద్ధం మధ్యలో ఆ లైన్లో చైనా వెడల్పుకి సరిపోయేలా మూడో పట్టా వేశారు. చైనా వ్యాగన్లు సరకు మార్చకుండానే లోపలికొచ్చేశాయి, షెడ్డు ఇరుకు మాయమైంది. మూడో పట్టా కనపడే ఫొటో మీరు చూసుకోకపోతే మీ అంచనా సగానికి పడిపోతుంది. రెండో లైను, హనోయ్ నుంచి లావో కాయ్ మీదుగా కున్‌మింగ్ వెళ్ళేది, సరిహద్దుకి అటూ ఇటూ మీటర్ గేజే, అక్కడ ఈ గొడవ లేదు. తర్వాతి ఇరుకు హనోయ్ దగ్గర ఎర్ర నది మీద పాల్ డూమర్ వంతెన. 1967 ఆగస్టులో అమెరికావాళ్ళు దాన్ని బాంబులతో కొట్టారు. వంతెన విరిగిన రోజు సున్నా వేసేయకండి. పడవలు, పంటులు, తాత్కాలిక వంతెనలు ఉంటాయి, పైగా చైనా నుంచి వేల మంది రైల్వే పనివాళ్ళు వచ్చి మరమ్మతులు చేస్తూనే ఉన్నారు. తిరిగి వెళ్ళే ఖాళీ వ్యాగన్లని కూడా లెక్కపెట్టండి. ఖాళీలు వెనక్కి పోకపోతే రెండు వారాల్లో నిండు బండ్లు వాటంతట అవే తగ్గుతాయి.

ఓడల దగ్గర కొత్తవాళ్ళు పడే గుంట ఒకటే: టన్ను అనే మాట. రిజిస్టర్‌లో 10,000 గ్రాస్ టన్నులు అని చూసి 10,000 టన్నుల సరకు అని రాసేస్తారు. అది బరువే కాదు! అప్పటి పద్ధతిలో గ్రాస్ టన్ను అంటే 100 ఘనపుటడుగుల చోటు. మోసే బరువుకి డెడ్‌వెయిట్ అని వేరే అంకె ఉంటుంది, దాన్లో కూడా ఇంధనం, నీళ్ళు, సిబ్బంది సామాను పోను మిగిలిందే సరకు. ఇంతకంటే మంచి దారి, ఓడ ఎంత మునిగిందో చూడటం. సెంటీమీటరు మునగడానికి 20 టన్నులు పట్టే ఓడ ఏడున్నర మీటర్ల లోతున వచ్చి అయిదున్నర దగ్గర తేలుతూ వెళ్ళిందనుకోండి, 200 సెంటీమీటర్లు, 4,000 టన్నులు దిగింది. అయితే వెళ్ళేటప్పుడు నీళ్ళు నింపుకుని ఉంటే లెక్క తప్పు. హైఫాంగ్‌లో ఇంకో చిక్కు, అది నది మీది రేవు, ఒండ్రు పేరుకుపోతూ ఉంటుంది, తవ్వకపోతే దారి పూడిపోతుంది. పెద్ద ఓడలు బయటే ఆగి కొంత సరకు పడవల్లోకి దించి, తేలికయ్యాక లోపలికొచ్చేవి. మీరు రేవులోని ఓడనే చూస్తే ఆ పడవల సరకు మీ లెక్కలోకి రాదు.

అన్నిటికంటే పెద్ద తప్పు వేరే ఉంది. సరకులో 80, 85 శాతం సముద్రం మీదే వస్తోంది అన్న మాట పదే పదే వింటాం. నిజమే, బరువులో. ఆ బరువంతా తిండిగింజలు, పెట్రోలు, లారీలు, యంత్రాలు. ఆయుధాల్లో ఎక్కువ భాగం చైనా మీదుగా రైల్లో వచ్చింది. అందుకని టన్నుల్ని రకాలవారీగా విడగొట్టకుండా ఎవరితోనూ వాదనకి దిగకండి. పెట్రోలుతో మొదలుపెడితే సుఖం: ఉత్తర వియత్నాంలో రిఫైనరీ లేదు, ప్రతి లీటరూ బయటిదే. లారీలెన్ని, ఎంత తిరుగుతున్నాయి అని అటువైపు నుంచి కట్టిన అంకె, ట్యాంకర్లు దించిన అంకె దగ్గరదగ్గరగా ఉండాలి. లేకపోతే ఎక్కడో మీకు తెలియని తలుపు ఉంది.

తెలియని తలుపు అంటే గుర్తొచ్చింది, కంబోడియాలోని సిహానూక్‌విల్ రేవు. దక్షిణాది దళాలకి అటునుంచి ఎంత వెళ్తోందన్న దాని మీద సీఐఏకీ, సైగాన్‌లోని అమెరికా సైనిక ఇంటెలిజెన్స్‌కీ ఏళ్ళ తరబడి పేచీ. సీఐఏ తక్కువే అంది. 1970 మార్చిలో కంబోడియా పాలకుడు సిహానూక్‌ని దింపేసి జనరల్ లాన్ నాల్ వచ్చాక రేవు కాగితాలు చేతికొచ్చాయి, చూస్తే 20 వేల టన్నులకి పైగా సైనిక సామాను దిగింది. సీఐఏ అంచనా బాగా తక్కువని తేలిపోయింది. అంచనా కట్టినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. గట్టి రుజువు కనపడలేదు కాబట్టి సరకు కూడా లేదనుకున్నారు. మీ కాగితం మీద "చూడలేదు" అన్నదీ "లేదు" అన్నదీ రెండు వేర్వేరు గుర్తులతో రాసుకోండి. నేను మొదటిదానికి ప్రశ్నార్థకం, రెండోదానికి సున్నా పెడతాను.

ఇంకో మాట, రెండుసార్లు లెక్కపెట్టడం. సోవియట్ సాయం రైల్లో చైనా మీదుగా కూడా వచ్చింది. మాస్కో ప్రకటన నుంచి ఒకసారి, సరిహద్దు బండ్ల నుంచి ఇంకోసారి వేశారంటే ఒకే పెట్టె రెండు పెట్టెలైపోతుంది. ప్రకటించినదంతా చేరదు కూడా: 1968లో వియత్నాం సరిహద్దునున్న చైనా ప్రాంతం గ్వాంగ్‌షీలో సాంస్కృతిక విప్లవం ముఠాలు కొట్టుకుంటూ వియత్నాం వెళ్ళే ఆయుధాల బండ్లని దోచుకున్నాయి. ఆ నెలల్లో సగటు అంకె వాడితే మీరు గాల్లో లెక్క వేసినట్టే.

ఇదంతా అయ్యాక మీ కాగితాన్ని 1972 మే 9 మీద పెట్టి చూడండి. ఆ రోజు అమెరికావాళ్ళు హైఫాంగ్‌కి ఓడలు వచ్చే నీటి దారిలో మందుపాతరలు వేశారు, 72 గంటల తర్వాత పనిచేసేలా, ఈలోపు ఓడలు వెళ్ళిపోవచ్చని. "ఎంత రాగలదు" గడిలో సముద్రం వాటాకి సున్నా పెట్టండి. నేల వాటాకి పాత 8,400 అలాగే ఉంచేయకండి, మర్నాటి నుంచే లేజర్ బాంబులతో పాల్ డూమర్ వంతెనని, రైలు దారుల్ని కొట్టారు. మళ్ళీ అదే గడిలో చైనా సరిహద్దు నుంచి వేసిన పెట్రోలు పైపులైను కలపాలి, లారీలు కలపాలి. ఒకే అంకె రాయకుండా తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత అని రెండు రాయండి, పక్కనే తేదీ వేయండి, పై నెలకి మళ్ళీ కొత్త కాగితం తీసుకోండి.