కట్టెల పొయ్యితో ఇల్లు వేడి చేసుకోవడం: అసలు పని కట్టెల దగ్గరే

అమెరికాలో వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ వైపు ఇల్లు కొన్న మనవాళ్ళలో కొంతమందికి ఇంటితో పాటే హాల్లో ఒక ఇనప పొయ్యి కూడా వస్తుంది. కొందరు దాన్ని షోకేసులా వదిలేస్తారు. ఇంకొందరు మొదటి మంచు పడగానే సూపర్‌మార్కెట్‌ నుంచి ఒక కట్టెల కట్ట తెచ్చి వెలిగించి, ఇల్లంతా పొగ చేసుకుని, ఇది మన వల్ల కాదులే అని మళ్ళీ ఫర్నేస్ ఆన్ చేస్తారు. చాలాసార్లు పొయ్యి తప్పేమీ ఉండదు, తప్పంతా కట్టెలదే.

అప్పుడే కొట్టిన చెట్టు బరువులో సగం దాకా నీళ్ళే ఉండొచ్చు. పొయ్యిలో పెట్టేసరికి ఆ తేమ 20 శాతం లోపుకి రావాలి. పచ్చి కట్టె వేస్తే వేడిలో బోలెడంత ఆ నీళ్ళని ఆవిరి చేయడానికే పోతుంది, మంట సరిగ్గా లేవదు, చల్లారిన పొగ చిమ్నీ లోపల తారులా అంటుకుంటుంది. దీన్నే క్రియోసోట్ అంటారు, చిమ్నీలో మంటలు లేచేది దీనివల్లే. ఊళ్ళో పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదినవాళ్ళకి పచ్చి కట్టె సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కాకపోతే అక్కడ పొగ కళ్ళలోకొచ్చి వెంటనే తెలిసిపోతుంది, ఇక్కడ పొగగొట్టంలోకి పోయి కనపడకుండా పేరుకుంటుంది.

మేపుల్, యాష్ లాంటి చెట్ల కట్టెలు చీల్చి పేర్చాక దాదాపు ఏడాది ఎండాలి, ఓక్ అయితే రెండేళ్ళు పడుతుంది. అంటే వచ్చే చలికాలానికి మేపుల్, యాష్ కట్టెలు ఈ వసంతంలోనే కొనేయాలి, ఓక్ అయితే ఇంకో ఏడాది ముందే. అక్టోబర్‌లో ఫోన్ చేసి "ఎండినవి ఉన్నాయా" అని అడిగితే ఎవరైనా ఉన్నాయనే అంటారు, ఆ మాట నమ్మకుండా తేమ కొలిచే మీటర్ ఒకటి కొనుక్కోండి. దాన్ని కట్టె చివర గుచ్చితే లాభం లేదు, చివర్లు ఎప్పుడూ ముందే ఎండిపోతాయి. పేడుని మళ్ళీ రెండుగా చీల్చి, కొత్తగా బయటపడ్డ లోపలి వైపు గుచ్చి చూడండి.

కొలత దగ్గర కూడా జాగ్రత్త. కార్డ్ అంటే 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న దొంతర, మొత్తం 128 ఘనపుటడుగులు. ఫేస్ కార్డ్ అని అమ్మేది 16 అంగుళాల కట్టెలైతే అందులో మూడో వంతే. ట్రక్కువాడు కుమ్మరించిన కుప్పని చూస్తే ఏమీ తేలదు, పేర్చాక టేపు పెట్టాల్సిందే. పైన్ కాలిస్తే చిమ్నీ పాడవుతుందని చాలామంది భయపెడతారు కానీ బాగా ఎండిన పైన్‌తో ఆ గొడవ లేదు, త్వరగా అయిపోతుందంతే. ఒక కార్డ్ ఓక్ ఇచ్చే వేడిలో వైట్ పైన్ ఇచ్చేది సుమారు మూడింట రెండొంతులు. చవకగా వస్తున్నాయని దూరం నుంచి మాత్రం తేకండి, 2002లో మిషిగన్‌లో బయటపడిన యాష్ చెట్ల పురుగు కట్టెలతో పాటే ఊళ్ళు దాటి పాకింది.

పేర్చేటప్పుడు నేల మీద కాకుండా చెక్క ప్యాలెట్ల మీద, ఇంటి గోడకి దూరంగా పెట్టండి, లేదంటే చెదల్ని మనమే పిలిచినట్టు. టార్పాలిన్ పైన మాత్రమే కప్పాలి. పక్కలు కూడా మూసేస్తే గాలాడక చెమ్మ లోపలే ఉండిపోతుంది.

వెలిగించే ముందు చిమ్నీ శుభ్రం చేసేవాళ్ళని పిలిచి చూపించండి, ఆ తర్వాత కూడా ఏడాదికోసారి చూపించాల్సిందే. ఇన్సూరెన్స్ వాళ్ళకి పొయ్యి ఉందని చెప్పండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి, సోఫా, కర్టెన్లు కనీసం 3 అడుగుల దూరంలో ఉంచండి. వీటిలో బేరాల్లేవు.

ఇక వెలిగించడం. మనకి అలవాటైన పద్ధతిలో కింద చితుకులు, పైన కట్టెలు. ఇక్కడ తిరగేయండి: అడుగున పెద్ద పేళ్ళు, వాటి మీద సన్నవి, అన్నిటికన్నా పైన చితుకులు, న్యూస్‌పేపర్ ఉండలు. పైనుంచి అంటిస్తే గొట్టం ముందే వేడెక్కి పొగని లాగేస్తుంది, మంట నిదానంగా కిందికి రాజుకుంటుంది. పొయ్యిలోకి గాలి వదిలే మీట మొత్తం తెరిచి ఉంచండి. కిరోసిన్, పెట్రోల్ దగ్గరికి కూడా రానివ్వద్దు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ కూడా వేయొద్దు.

మంట పట్టుకున్నాక గాలి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఎంత అనేది అంచనాతో తేలదు, గొట్టానికి అంటుకునే అయస్కాంతం థర్మామీటర్ పెట్టుకోండి. ఒంటి పొర గొట్టం మీద సుమారు 250 నుంచి 475 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే బాగున్నట్టు. రాత్రంతా కట్టెలు మిగలాలని గాలి పూర్తిగా మూసేసి పడుకునే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి వద్దు. మంట లేకుండా కుమిలే కట్టె నుంచే ఎక్కువ క్రియోసోట్ వస్తుంది. పడుకునే ముందు లావు ఓక్ మొద్దులు రెండు ఎగదోసి, బాగా అంటుకున్నాకే గాలి తగ్గించండి, పొద్దున్నే రాజేయడానికి సరిపడా నిప్పులు మిగులుతాయి.

మన ఇళ్ళలో ఇంకో తంటా ఉంది: తిరగమోత ఫ్యాన్. ఎండుమిరపకాయల ఘాటుకి భయపడి పెద్ద హుడ్ పెట్టించుకుంటాం కదా, అది ఇంట్లో గాలిని బయటికి తోసేస్తుంటే ఆ లోటు పూడ్చడానికి గాలి చిమ్నీలోంచి వెనక్కి వస్తుంది, పొగతో, కార్బన్ మోనాక్సైడ్‌తో సహా. ఇల్లు ఎంత బిగుతుగా కట్టి ఉంటే అంత ప్రమాదం. పొయ్యి మండుతున్నప్పుడు హుడ్ వేయాల్సి వస్తే వంటింటి కిటికీ ముందే తెరవండి.

హాలు మండిపోతూ పడకగదులు గడ్డకడుతుంటే వేడిగాలిని అటు తోయాలనిపిస్తుంది. దానికన్నా పడకగది గుమ్మం దగ్గర నేల మీద చిన్న ఫ్యాన్ పెట్టి చల్లగాలిని పొయ్యి వైపు తోయండి. వెచ్చటి గాలి పైనుంచి తనే ఆ గదిలోకి చేరుతుంది.

బూడిద ఒక అంగుళం మందాన అడుగున వదిలేయండి, నిప్పు నిలవడానికి అది మంచిది. మిగతాది మూత గట్టిగా పట్టే ఇనప డబ్బాలో వేసి బయట, చెక్క డెక్ మీద కాకుండా, నేల మీద పెట్టండి. నివురు కప్పిన నిప్పు రోజుల తరబడి ఆరదు, దాన్ని చెత్త సంచిలో వేసి గరాజ్‌లో పెట్టి ఇళ్ళు తగలబెట్టుకున్నవాళ్ళున్నారు.

ఏడాదికోసారి, పొయ్యి చల్లగా ఉన్నప్పుడు, తలుపు మధ్య ఒక డాలర్ నోటు పెట్టి మూసి లాగి చూడండి. నోటు సులువుగా జారి వచ్చేస్తే తలుపు చుట్టూ ఉన్న తాడు అరిగిపోయినట్టే. పొయ్యి మోడల్‌కి సరిపోయే మందం చూసి కొత్తది వేయించుకోండి.