పటం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఊరి బరువు తూచడం

స్కేలు, కాంటూరు రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు), దారుల గుర్తులు చదవడం గత మూడు పాఠాల్లో అయింది. ఇక వాటితో ఒక ఊరికి సైనికంగా ఎంత విలువ, అంటే ఎంత బరువు ఉందో తేల్చాలి. అభ్యాసానికి ఆర్మేనియన్లు, అజర్‌బైజాన్ వారు పోరాడుకున్న కొండప్రాంతం నగోర్నో కరాబాఖ్ తీసుకుందాం. 1:50,000 పటం, గ్రాఫ్ కాగితం, దారం ముక్క, ఒక నాణెం ఉంటే చాలు.

ముందు పేర్ల చిక్కు విప్పుకోవాలి. అజర్‌బైజాన్ వారి షుషా ఆర్మేనియన్లకు షుషి. ఆర్మేనియన్ల స్టెపనకెర్ట్ అవతలివారికి ఖాన్‌కెండి. ఒకే ఊరిని రెండుగా లెక్కేయడం కొత్తవారు తరచూ చేసే తప్పు. పటం ఏ ఏడాది అచ్చయిందో చూసి, రెండు పేర్లూ పక్కపక్కనే రాసుకోండి. జనాభా మాత్రం రాయకండి. అది చూస్తే పెద్దదైన స్టెపనకెర్ట్ వైపు చూపు పోతుంది, అసలు తాళంచెవి షుషా దగ్గరుంది.

మొదటి పరీక్ష ఎత్తు. షుషా నుంచి స్టెపనకెర్ట్‌కు సూటిగా ఐదారు కిలోమీటర్లు, అంటే పటం మీద దాదాపు 12 సెంటీమీటర్లు. ఆ గీత దాటే ప్రతి కాంటూరు ఎత్తునూ గ్రాఫ్ కాగితం మీదికి దించండి. నిలువున 1 సెంటీమీటరుకు 100 మీటర్లు పెట్టుకుంటే, రెండు ఊళ్ల మధ్య ఉన్న సుమారు 600 మీటర్ల తేడా 6 సెంటీమీటర్లు అవుతుంది. బొమ్మ చూస్తే గోడలా నిలబడుతుంది. బెదిరిపోకండి, నిలువు స్కేలును మనమే ఐదు రెట్లు సాగదీశాం. నిజమైన సగటు వాలు పదికి ఒకటే. అయితే సగటు కూడా మోసమే: షుషా అంచుల్లో గీతలు ఒకదానికొకటి అంటుకుపోయిన చోట నిట్టనిలువు కొండచరియలున్నాయి. ఇప్పుడు పైనుంచి కిందికి స్కేలు పెట్టి గీయండి. మధ్యలో ఏ గుట్టా తగలకపోతే ఊరు కళ్లెదుటే ఉన్నట్టు. ఇంత దగ్గరలో భూమి వంపు 3 మీటర్లలోపే, వదిలేయవచ్చు. అదే 20 కిలోమీటర్ల దూరమైతే 31 మీటర్లు, వదలకూడదు.

ఫిరంగి గుండు, రాకెట్టు వంపుగా ఎగిరి పడతాయి, కొట్టడానికి చూపు అక్కర్లేదు. పడ్డది ఎక్కడో చూసి గురి సరిదిద్దుకోవడానికే ఎత్తు కావాలి. 1991–92 చలికాలంలో, అప్పుడు అజర్‌బైజాన్ చేతిలో ఉన్న షుషా వైపు నుంచి స్టెపనకెర్ట్ మీద లారీ మీంచి వరుసగా వదిలే గ్రాడ్ రాకెట్లు కురిశాయి. వాటి పరిధి 20 కిలోమీటర్లు, ఇక్కడ అందులో మూడోవంతు కూడా అవసరం పడలేదు.

రెండోది నాణెం పరీక్ష. ఆర్మేనియాలోని గోరిస్ నుంచి లాచిన్ మీదుగా, షుషాను ఆనుకుని స్టెపనకెర్ట్ చేరే దారి మీద దారం పరచండి. పటం మీద కొలిచిన సూటి దూరాన్ని నమ్మకండి, కొండదారి మెలికలు దారానికే తెలుస్తాయి. తర్వాత నాణెంతో ఒక్కో ఊరినీ మూసి, వేరే దారి మిగిలిందేమో వెతకండి. లాచిన్‌ను మూస్తే ఉత్తరాన ఆర్మేనియాలోని వార్దెనిస్ నుంచి కెల్బజార్ జిల్లా మీదుగా ఒక కొండదారి కనిపిస్తుంది. 2020 నవంబరు 25న కెల్బజార్ అజర్‌బైజాన్‌కు వెళ్లాక అదీ పోయింది.

ఇక తేదీలతో సరిచూసుకోండి. 1992లో ఆర్మేనియన్ దళాలు మే 9 నాటికి షుషా, 18న లాచిన్ తీసుకున్నాయి. ముందు ఎత్తు, తర్వాత ఆర్మేనియా వైపు గుమ్మం. 2020లో అజర్‌బైజాన్ దళాలు దక్షిణం నుంచి వచ్చి షుషా ఎక్కాయి. దారి అక్కడే తెగింది, లాచిన్ కోసం విడిగా పోరాడే పని లేకపోయింది. నవంబరు 8న షుషా చేజిక్కిందని ప్రకటన, 9న కాల్పుల విరమణ ఒప్పందం. అందులో ఆర్మేనియాకు కలిపే దారి పట్టీ అయిన లాచిన్ కారిడార్‌కు 5 కిలోమీటర్ల వెడల్పు ఇచ్చి, అది షుషా గుండా పోకూడదని కూడా రాశారు. ఆ ఒక్క షరతు చదివితే చాలు, రాసినవారు పటం ఎలా చూశారో తెలుస్తుంది.

చాలామంది ఇక్కడితో ఆపేసి బరువు ఊరికి అంటుకుని ఉంటుందనుకుంటారు. 2022 ఆగస్టులో కొత్త దారి లాచిన్ పట్టణాన్ని తప్పించి వేరేగా పోయింది, పట్టణం అజర్‌బైజాన్‌కు అప్పగించారు. ఊరు అక్కడే ఉంది, బరువు మాత్రం దారి వెంట జరిగింది. ఆ డిసెంబరు 12న దారి మూసుకున్నది షుషా దగ్గర. 2023 ఏప్రిల్ 23న అజర్‌బైజాన్ తనిఖీ కేంద్రం వెలిసింది అదే దారిలోని హకారీ నది వంతెన దగ్గర. అందుకే నాణేన్ని ఊళ్ల మీదే కాక, వంతెనల మీదా ఇరుకు లోయల మీదా కూడా పెట్టాలి.

అభ్యాసం: స్టెపనకెర్ట్‌కు తూర్పున ఉన్న అగ్దామ్‌కు ఇవే రెండు పరీక్షలు చేయండి. అది మైదానం అంచున ఉంది, ఎత్తు పరీక్షలో తప్పుతుంది. అయినా 1993 జులైలో దానికోసం గట్టిగా పోరాడారు. అక్కడి నుంచి ఏ దారులు ఎటు తెరుచుకుంటాయో దారంతో కొలిచి ఉంచుకోండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.