ఏరువాక సామానును సంక్రాంతి వెళ్లగానే సిద్ధం చేసుకోవడం ఎలా?

తెనాలి వైపు డెల్టా ఊళ్లలో డిసెంబరు చివరికల్లా కోతలు, నూర్పిళ్లు అయిపోతాయి. మాగాణిలో మినుము మొలిచి పచ్చగా పరుచుకుంటుంది. కొందరు దుక్కి లేకుండానే మొక్కజొన్న వేస్తారు. అంటే పొలానికి పని ఉంటుంది గానీ, తిరిగే బ్లేడ్లతో మట్టిని చిలికే రోటావేటర్‌కూ, నాటు ముందు పొలాన్ని బురద చేయడానికి (దమ్ము) ట్రాక్టరుకు తగిలించే దమ్ము చక్రాలకూ ఉండదు. అవి కొట్టంలో ఒక మూలకు చేరతాయి. మళ్లీ వాటివైపు చూసేది కాలవకు నీళ్లు వదిలారన్న కబురు వచ్చాకే.

నేనూ అలాగే చేసేవాణ్ని. ఒక ఏడాది జూలైలో దమ్ము మొదలుపెట్టిన రెండో రోజే రోటావేటర్ గేర్‌బాక్స్ పట్టేసింది. గుంటూరు తీసుకెళ్తే మా కంటే ముందు వచ్చినవి వరుసగా ఉన్నాయి. కావాల్సిన గేరు లేదు, విజయవాడ ఆటోనగర్ నుంచి రావాలన్నారు. తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా నారు ముదిరిపోయింది, కూలీలు వేరే పొలాలకు వెళ్లిపోయారు. ఆ ఏడు పిలకలు సరిగా రాలేదు. పోయింది గేరు ఖర్చు ఒక్కటే అయితే అంత బాధపడేవాణ్ని కాదు.

అప్పటినుంచి సంక్రాంతి వెళ్లాక శివరాత్రి లోపు ఈ పని పెట్టుకుంటున్నాను. ఈ నాలుగైదు వారాల్లో యంత్రం ఖాళీగా ఉంటుంది, మెకానిక్కు తీరిక ఉంటుంది, షాపులో సామాను దొరుకుతుంది, ధాన్యం డబ్బులు చేతికి వస్తాయి. ఈ నాలుగూ కలిసి వచ్చే రోజులు ఏడాదిలో మళ్లీ ఉండవు.

1. ముందు కడగండి, తర్వాత చూడండి

మట్టి కింద ఏముందో కడిగితే గానీ కనిపించదు. ఎండిన బురద నీళ్లు పడగానే ఊడిరాదు. ముందు చెక్కముక్కతో గీకి, తడిపి ఒక గంట నాననిచ్చి, ఆ తర్వాత పైపు పెట్టండి. నీటి జోరు బేరింగుల మీదికి, డైనమో, సెల్ఫ్ మోటారు మీదికి నేరుగా వెళ్లకుండా చూసుకోండి. పొద్దున పూట కడిగితే సాయంత్రానికి పూర్తిగా ఆరుతుంది. పుష్యమాసంలో రాత్రి మంచు బాగా పడుతుంది కాబట్టి తడి మీద వదిలేస్తే రెండు రోజుల్లో తుప్పు ఎర్రగా పైకి వస్తుంది.

దమ్ము చక్రాలకు పట్టీల దగ్గర వెల్డింగ్ పగిలిందేమో వేలితో తడిమి చూడండి. సన్నటి పగులు కంటికి ఆనదు, గోటికి తగులుతుంది. దొరికిన ప్రతి పగులు దగ్గరా సుద్దతో గుర్తు పెట్టి, అన్నీ ఒకేసారి వెల్డింగ్‌కు తీసుకెళ్లండి. ఆరిన చక్రాలకు పాత ఇంజనాయిల్ గుడ్డతో పల్చగా పూస్తే చాలు. కారేలా పూస్తే ఆ నూనె మట్టిలోకి, అక్కణ్నుంచి బోదెలోకి పోతుంది.

కల్టివేటర్ కర్రులు ఎంత అరిగాయో చూసుకుని పదును పెట్టించండి, మరీ అరిగినవి మార్చండి. దీనికి పూట చాలు.

2. రోటావేటర్: తొందరపడకూడని పని

డెల్టాలో రోటావేటర్ సగం ఆయుష్షు నీళ్లలోనే గడుస్తుంది. అందుకే దాని మీద ఎక్కువ టైం పెట్టమంటాను.

కిందికి దూరే ముందు ఒక జాగ్రత్త. హైడ్రాలిక్ మీద పైకెత్తి ఉంచి దాని కింద చెయ్యి పెట్టకండి. ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, బలమైన చెక్క దిమ్మలు రెండు వైపులా పెట్టి, వాటి మీద బరువు ఆనిన తర్వాతే కూర్చోండి. హైడ్రాలిక్ లీవరు ఎవరి చెయ్యి తగిలినా కిందికి జారుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ మాట రెండుసార్లు చెప్పుకోవాలి.

ఇక గేర్‌బాక్స్. రోటావేటర్‌ను చదునైన చోట ఒక రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారి కింద ఉన్న డ్రెయిన్ బోల్టును మెల్లగా వదులు చేసి, మొదట వచ్చే చుక్కలను స్టీలు గ్లాసులో పట్టండి. నూనె కంటే నీళ్లు బరువు కాబట్టి లోపలికి నీళ్లు చేరి ఉంటే ముందు అవే వస్తాయి. ఒక్కోసారి నీళ్లు విడిగా రావు, నూనెతో చిలికినట్టు కలిసిపోయి పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటుంది. ఆ రంగు కనిపించిందంటే నూనె బయటికి, నీళ్లు లోపలికి పోకుండా ఆపే ఆయిల్ సీల్ పోయినట్టే. నూనె మార్చి ఊరుకుంటే ఏరువాకలో మళ్లీ అదే కథ. సీల్ మార్పించాల్సిందే.

ఆ నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండలో చూడండి. వెండి పొడిలా మిలమిల మెరిస్తే గేరు పళ్లో బేరింగో అరుగుతున్నాయని అర్థం. గరుగ్గా ముక్కలు తగిలితే మాత్రం ఆ రోజే మెకానిక్‌ను పిలవండి. నా గేర్‌బాక్స్ పట్టేయడానికి ముందు ఏడే ఈ పని చేసి ఉంటే ఆ పాలరంగు నాకు కనిపించి ఉండేది.

సీల్ ఎందుకు పోయిందో కూడా చూడాలి. రోటర్ రెండు చివర్లలో గడ్డి, నైలాన్ తాడు ముక్కలు, పాత చీర పేలికలు బిగుసుకుపోయి ఉంటాయి. అవి తిరిగి తిరిగి సీల్‌ను కోసేస్తాయి. కొడవలి మొనతో కోసి, చేత్తో లాగి పూర్తిగా తీసేయండి. కొత్త సీల్ వేయించేటప్పుడు షాఫ్టు మీద గాడి పడిందేమో చూడమని అడగండి. గాడి ఉన్నచోట కొత్త సీల్ కూడా నిలవదు.

బ్లేడ్ల సంగతి. ఐదడుగుల రోటావేటర్‌కు మామూలుగా 36, ఆరడుగుల దానికి 42 ఉంటాయి. సగానికి సగం వెడల్పు అరిగినవి మార్చాలి. విప్పే ముందు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకోండి. బ్లేడ్లలో కుడివి, ఎడమవి వేరు. విప్పి కుప్ప పోశాక ఏది ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. పదునైన అంచు రోటర్ తిరిగే వైపుకు ఉండాలి. ఒకే వైపు కొత్తవి, ఇంకోవైపు అరిగినవి ఉంటే బరువు తేడా వచ్చి బండి అదురుతుంది, ఆ అదురుడు బేరింగుల మీద పడుతుంది. బోల్టులు కూడా కంపెనీ చెప్పిన గట్టి రకమే తీసుకోండి, ఏ షాపులో పడితే ఆ షాపులో దొరికే మెత్తవి వద్దు. కొత్త బోల్టులు వేశాక మొదటి గంట పని తర్వాత ఆపి మళ్లీ బిగించాలి.

ట్రాక్టరు నుంచి రోటావేటర్‌ను తిప్పే పీటీఓ షాఫ్టును చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. టకటకమంటే క్రాస్ బేరింగ్ అరిగింది. బాగుంటే పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా గ్రీజు గన్ కొట్టండి. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు పగిలి ఉంటే మార్చండి. పంచె కొంగో లుంగీయో దానికి చుట్టుకుంటే మనిషి దక్కడు.

3. ట్రాక్టరు

తిప్పుతూ ఉన్న ట్రాక్టరుకు పెద్దగా చెప్పేదేం లేదు. కంపెనీ పుస్తకంలో రాసిన గంటల ప్రకారం ఇంజనాయిల్, ఫిల్టర్లు మార్చండి. కోతల్లో తిరిగింది కాబట్టి రేడియేటర్ ముందు జాలీలో ఊక, గడ్డి నిండి ఉంటుంది, లోపలి వైపు నుంచి గాలి కొట్టండి. ఎయిర్ క్లీనర్ ఆయిల్ రకం అయితే గిన్నెలో అడుగున చేరిన దుమ్మును కడిగి కొత్త ఆయిల్ పోయండి.

వారాల తరబడి ఆపి ఉంచేట్టయితే మాత్రం మూడు పనులు చేయాలి. డీజిల్ ట్యాంకు నింపి పెట్టండి. సగం ఖాళీగా ఉంటే రాత్రి చలికి ఆ ఖాళీలో గాలిలోని తేమ నీటిబొట్లుగా మారి డీజిల్ అడుక్కి చేరుతుంది. బ్యాటరీ నల్ల వైరు ముందు విప్పండి, బిగించేటప్పుడు చివర బిగించండి. తెల్లటి పొడి పేరుకున్న టెర్మినళ్లను వేడినీళ్లతో కడిగి, తుడిచి, వాజిలైన్ రాయండి. మూడోది ఎలుకలు. కోతలయ్యాక పొలంలో తిండి తగ్గి ఎలుకలూ పందికొక్కులూ ఇళ్లవైపు వస్తాయి. ట్రాక్టరు పక్కనే గడ్డీ ధాన్యం బస్తాలూ పెట్టామంటే వైరింగు వాటికి అప్పగించినట్టే. కలరా ఉండలు వేశాం కదా అని ధీమాగా ఉండకండి, కన్నాలు మూయండి. బండి స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తి వైర్లు చూడటం అలవాటు చేసుకోండి.

4. మందు కొట్టే పంపు

మిరప వేసిన మెట్ట ఊళ్లలో జనవరిలో పంపుకు విశ్రాంతి ఉండదు. వరి మాత్రమే ఉన్నవాళ్లకు ఇప్పుడు ఖాళీ. ఎవరికైనా చెప్పేది ఒకటే: కలుపు మందుకు ఒక పంపు, పురుగు మందుకు ఒక పంపు. వరిలో వాడే 2,4-డి లాంటి మందు డ్రమ్ములో కాస్త మిగిలినా పత్తి, మిరప, టమాటా తట్టుకోలేవు. మా చుట్టాల ఇంట్లో వరి కలుపుకు వాడిన పంపునే ఒకసారి నీళ్లతో తొలిచి మిరప నారుకు కొట్టారు. నాలుగో రోజుకు ఆకులు సన్నగా తాళ్లలా మెలితిరిగాయి. ఆ మడిలో ఒక్క మొక్క కూడా నాటడానికి పనికిరాలేదు.

రెండు పంపులు కొనే వీలు లేకపోతే ఇలా కడగండి. డ్రమ్ము నిండా నీళ్లు పోసి గొట్టం, నాజిల్ గుండా కొట్టేయండి. రెండోసారి బట్టల సోడా కలిపిన నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచి, తెల్లారి కొట్టేయండి. మూడోసారి మళ్లీ మంచినీళ్లు. వాషర్లు, జల్లెడ, నాజిల్ విడిగా విప్పి కడగాలి, మందు దాక్కునేది అక్కడే. ఆ నీళ్లు చెరువు, కాలవ, బావి దగ్గర పారబోయకండి. చేతికి గ్లౌజులు వేసుకోండి.

నాజిల్ అరిగిందో లేదో చూడటానికి ఒక బకెట్, కొలత చెంబు చాలు. ఒక నిమిషం బకెట్లోకి కొట్టి కొలవండి. కొత్త నాజిల్‌తో కూడా అలాగే కొలవండి. పాతది కొత్తదాని కంటే పదోవంతుకు మించి ఎక్కువ వదులుతుంటే పారేయండి. వేల రూపాయల మందును అరిగిన నాజిల్ ఎకరానికి ఇంత అని వృథా చేస్తుంది. తైవాన్ పంపుల్లాంటి పెట్రోలు ఇంజన్లలో మిగిలిన పెట్రోలు వంపేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపి పక్కన పెట్టండి. లేదంటే కార్బురేటర్‌లో జిగురు కడుతుంది.

5. మట్టి, విత్తనం

సామాను అయ్యాక రెండు చిన్న పనులు మిగులుతాయి. పంట లేని పొలం చెక్కల్లో ఇప్పుడే మట్టి నమూనా తీయొచ్చు, మినుము ఉన్న చేలో పీకాక తీయండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప పోసిన చోట వద్దు. ఎకరంలో అడ్డదిడ్డంగా ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున వి ఆకారంలో గుంట తీసి, పక్క నుంచి పైదాకా సమానంగా గీకండి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. అరకిలో మిగిలేదాకా ఇదే పని. నీడలో ఆరబెట్టి శుభ్రమైన గుడ్డసంచిలో పెట్టండి. ఎరువుల సంచి వాడితే రిపోర్టు ఆ ఎరువుదే వస్తుంది. పేరు, సర్వే నంబరు, వేయబోయే పంట రాసి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. గుంటూరు దగ్గరున్నవాళ్లకు లాం ఫారం (వ్యవసాయ పరిశోధన స్థానం) ఉండనే ఉంది. మా చెక్క రిపోర్టులో భాస్వరం ఎక్కువని వచ్చాకే అలవాటుగా వేసే డీఏపీ తగ్గించాను, దిగుబడి తగ్గలేదు.

విత్తనం సొంతంగా దాచుకునేవాళ్లు, ముఖ్యంగా 1986లో బాపట్ల నుంచి విడుదలై ఇప్పటికీ మన ఇళ్లల్లో వండుకుంటున్న బీపీటీ 5204 (సాంబ మసూరి) రైతులు, కేళీలు (వేరే రకం మొక్కలు) తీసేసిన మడి నుంచే తీసుకుని ఉంటారు. గింజను పంటి కింద పెట్టి కొరికితే టక్కున విరగాలి, నలిగితే ఇంకా ఎండ కావాలి. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పెట్టండి.

మొలక పరీక్షకు తొందరపడొద్దు. కోసిన కొత్తలో కొన్ని వరి రకాలు కొన్ని వారాలు నిద్రలో ఉంటాయి, మొలవకపోతే చెడ్డదనుకుని అమ్మేసుకునే ప్రమాదం ఉంది. ఫిబ్రవరిలో చేయండి. బస్తా పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి తీసి కలిపిన గింజల్లో నూరు లెక్కపెట్టండి. ఏరి ఏరి మంచివి తీయకండి. ఒక రోజు నానబెట్టి, తడి గోనెపట్టాలో వరుసలుగా పరిచి, చాపలా చుట్టి ఇంట్లో వెచ్చటి చోట ఉంచండి. రోజూ తడుపుతూ ఏడో రోజు విప్పి చూడండి. వేరూ మొలకా రెండూ గట్టిగా వచ్చినవి 80కి తగ్గకూడదు. తగ్గితే దాన్ని ధాన్యం కింద అమ్మేసి, విత్తనం కోసం ఇప్పటినుంచే వెతుక్కోవచ్చు.

పచ్చిరొట్టకు జీలుగో జనుమో వేయాలనుకుంటే మీ రైతు సేవా కేంద్రంలో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. వేసవి వానకు చల్లి పూతకొచ్చే దశలో కలియదున్నాలి. అప్పటికి రోటావేటర్ నడిచే స్థితిలో ఉంటేనే అది నేలలో కలుస్తుంది.

చేసిన పనులన్నీ తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసుకోండి: ఏ సీల్ మార్చారు, ఎన్ని బ్లేడ్లు, గంటల మీటరులో ఎంత ఉంది, ఏ బస్తాలో ఎన్ని మొలకలు. మొలక పరీక్ష మే నెలాఖరులో మళ్లీ ఒకసారి చేయాలి, ఎండాకాలం వేడికి, పురుగుకు లెక్క మారిపోతుంది. ఎకరం నాటుకు 20 నుంచి 25 కిలోలు నానబోస్తాం కదా, అందులో ఎటువైపు మొగ్గాలో ఆ రెండో లెక్క చూసి తేల్చుకోండి.