రైఫిల్ జీరో చేయడం: నా నోట్‌బుక్‌లోంచి

రైఫిల్ జీరో చేయడమంటే, ఎంచుకున్న దూరంలో గురిపెట్టిన చోటే తూటా తగిలేలా స్కోప్‌ని, అంటే రైఫిల్ మీది గురి దుర్బిణిని, సర్దడం. దూరం నుంచి పెద్ద జంతువుల వేటకి రైఫిల్ కొనాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది, "ఇది ఎంత దూరం కొడుతుంది?" అని. నేను వాళ్లని అడిగేది వేరు. అన్నం తినే కాగితం పళ్లెం ఒకటి నిలబెట్టి, నేల మీద కూర్చునో పడుకునో పది తూటాలు కాలిస్తే, పదీ దానికే తగిలే దూరం మీకు ఎంత? జింక జాతి జంతువుల్లో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు ఆ పళ్లెమంతే, 8 అంగుళాలు. ఎల్క్ లాంటి పెద్ద జింకలో ఇంకాస్త ఎక్కువ. నాకు ఆ దూరం 350 గజాలు. నా రైఫిల్ అంతకంటే ఎంతో దూరం కొట్టగలదు, కానీ ట్రిగ్గర్ నొక్కేది నేను. అందుకే 350 దాటితే కాల్చను, నడిచి దగ్గరికి వెళ్తాను.

రైఫిల్ ఎంపిక కూడా ఇక్కడినుంచే మొదలుపెట్టండి. లైసెన్సు, సీజన్, ఏ జంతువుకి ఏ సైజు తూటా వాడాలి అన్న నియమాలు మీరు వేటాడే చోట ఎలా ఉన్నాయో ముందు చూసుకోండి. ఆ తర్వాతే షాపుకి వెళ్లండి.

తూటా విషయంలో పేరుప్రతిష్ఠలు చూసి పెద్దదాని వెంట పడొద్దు. 1906లో వచ్చిన .30-06 రకం తూటా ఇప్పటికీ పెద్ద జంతువుల్లో చాలావాటికి సరిపోతుంది. 1952 నాటి .308 కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ తక్కువ, తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ ఇంకా మెత్తగా తంతుంది, గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. 7 ఎం.ఎం. రెమింగ్టన్ మాగ్నమ్, .300 విన్ మాగ్ దూరానికి బలమైనవే. కానీ అదే బరువున్న రైఫిల్‌లో .300 విన్ మాగ్ .308 కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టిగా తంతుంది. ఆ దెబ్బకి భయపడి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకునేవాళ్లని చాలామందిని చూశాను. కొత్తవాళ్లకి నేను చెప్పేది 6.5 క్రీడ్‌మోర్ లేదా .308. ఒక పూటలో 30 తూటాలు భుజం నొప్పి లేకుండా కాల్చగలిగితేనే సాధన సాగుతుంది.

బుల్లెట్ కూడా, అంటే తూటా కొసన ఉండి ఎగిరివెళ్లే ముక్కని కూడా, చూడాలి. వేట బుల్లెట్ జంతువు లోపల విచ్చుకోవాలి. చాలా రకాలు సెకనుకి సుమారు 1,800 అడుగుల వేగం కంటే తగ్గితే సరిగా విచ్చుకోవు. మీ దూరంలో దాని వేగం ఎంత మిగులుతుందో పెట్టె మీదో తయారీదారు పట్టికలోనో చూడండి. టార్గెట్ పోటీల బుల్లెట్‌తో వేటకి వెళ్లొద్దు.

రైఫిల్ చేతిలోకి తీసుకోగానే ముందు బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) తెరిచి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో కంటితో చూసి, వేలితో తడిమి చూడండి. తర్వాత మడిచిన కాగితం ముక్క ఒకటి బ్యారెల్‌కీ (గొట్టం) స్టాక్‌కీ (దాన్ని మోసే, భుజానికి ఆనించే భాగం) మధ్య దూర్చి వెనక్కి లాగండి. ఛాంబర్ దగ్గరిదాకా ఎక్కడా పట్టకుండా జారాలి. పట్టిందంటే స్టాక్ బ్యారెల్‌ని నొక్కుతోందని అర్థం. అలాంటి రైఫిల్ చలికి ఒకలా, వానకి ఒకలా కాలుస్తుంది. ట్రిగ్గర్ రెండున్నర నుంచి మూడున్నర పౌండ్ల బలానికి, మధ్యలో గరగర లేకుండా ఒక్కసారిగా తెగాలి. ఎత్తి భుజానికి ఆనిస్తే మీరు తల వంచకుండా, చెంప స్టాక్ మీద ఆనుతూ స్కోప్ నిండుగా కనబడాలి. ఈ మూడూ సరిపోతే రైఫిల్ రంగూ చెక్కా మీ ఇష్టం.

స్కోప్‌కి డబ్బు తక్కువ చేయొద్దు. 3-9 లేదా 4-16 రెట్ల స్కోప్ చాలు. కన్నుకీ స్కోప్‌కీ మధ్య మూడున్నర నుంచి నాలుగు అంగుళాలు ఉండేలా బిగించండి, లేకపోతే దెబ్బకి కనుబొమ్మ చీరుకుపోతుంది. స్క్రూలు చేతి అంచనాతో బిగించొద్దు, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ వాడండి. స్కోప్‌ని పట్టి ఉంచే రింగుల్లో చాలావాటికి 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు సరిపోతుంది, తయారీదారు ఇచ్చిన లెక్కే పాటించండి.

ఇక జీరో. చెవులకి రక్షణ, కళ్లకి అద్దాలు, టార్గెట్ వెనక ఎత్తయిన మట్టిగట్టు. ఇవి లేనిచోట తూటా బయటికే తీయొద్దు. రైఫిల్ ముందు భాగం స్టాక్ దగ్గర ఇసుక సంచి మీద పెట్టండి. బ్యారెల్‌ని మాత్రం దేనికీ ఆనించొద్దు. స్టాక్ వెనక భాగం కింద ఇంకో చిన్న సంచి పెట్టి, ఎడమ చేత్తో దాన్ని పిసుకుతూ గురి పైకీ కిందికీ సర్దండి.

మొదట 25 గజాల దగ్గర కాగితం పెట్టండి. బోల్ట్ తీసేసి బ్యారెల్‌లోంచి చూస్తూ మధ్య చుక్కని పట్టుకోండి, రైఫిల్ కదలకుండా స్కోప్ గీతల్ని అక్కడికే తిప్పండి. బోల్ట్ పెట్టి ఒక తూటా కాల్చండి. గురి జరపడానికి స్కోప్ మీది మర తిప్పితే వచ్చే ఒక్కో మెట్టు ఒక క్లిక్. దాని లెక్క ఎలాగంటే, డిగ్రీలో 60వ వంతుని ఒక మినిట్ అంటారు. 100 గజాల దగ్గర అది 1.047 అంగుళాలు, మనం ఒక అంగుళం అనుకుంటే చాలు. స్కోప్‌లో ఒక క్లిక్ పావు మినిట్ అయితే 100 గజాల దగ్గర పావు అంగుళం జరుగుతుంది, 25 గజాల దగ్గర అందులో నాలుగో వంతే. అంటే 25 గజాల దగ్గర ఒక అంగుళం తప్పితే 16 క్లిక్కులు తిప్పాలి. చాలామంది ఇక్కడే నాలుగు తిప్పి, మళ్లీ మళ్లీ కాల్చి తూటాలు వృథా చేస్తారు. ఇక్కడ మధ్యలో తగిలితే 100 గజాలకి వెళ్లండి.

అక్కడ మూడు తూటాలు, ఒక్కోదానికి మధ్య నిమిషం ఆగి కాల్చండి. ఒక తూటా చూసి క్లిక్ తిప్పొద్దు. మూడు రంధ్రాల మధ్య బిందువుని పెన్సిల్‌తో గుర్తుపెట్టి, అక్కడినుంచి కొలవండి. అది 3 అంగుళాలు కిందా 2 అంగుళాలు కుడికీ ఉంటే 12 క్లిక్కులు పైకి, 8 ఎడమకి. తర్వాత బ్యారెల్‌ని చేత్తో తాకి చూడండి. వేడిగా ఉంటే పది నిమిషాలు పక్కన పెట్టండి. వేడెక్కిన బ్యారెల్ గ్రూప్‌ని, అంటే రంధ్రాల గుంపుని, పక్కకి నడిపిస్తుంది, మీరేమో స్కోప్ తప్పనుకుని తిప్పుతూ ఉంటారు. చివరిగా ఐదు తూటాల గ్రూప్ ఒకటి కాల్చి ఆ కాగితం దాచుకోండి. వేటకి అదే పెట్టెలోని తూటాలు వాడండి. బుల్లెట్ బరువు మారితే జీరో కూడా మారుతుంది.

నేను 200 గజాలకి జీరో చేస్తాను. 143 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్‌తో సెకనుకి 2,700 అడుగుల వేగం ఉన్న 6.5 క్రీడ్‌మోర్ అలా జీరో చేస్తే 100 గజాల దగ్గర రెండు అంగుళాల లోపు పైకి తగులుతుంది, 300 దగ్గర సుమారు 8 అంగుళాలు, 400 దగ్గర సుమారు 22 అంగుళాలు కిందికి పోతుంది. దగ్గర్లో అయితే లెక్క వేయనక్కర్లేదు. 300 దాటితే ఒక్కొక్క 50 గజాలకీ ఒక లెక్క కావాలి. ఈ అంకెలు పట్టికలోంచి ఎత్తుకోవద్దు, ప్రతి దూరంలో కాల్చి చూసి మీ అంకెలు మీరు రాసుకోండి. గాలి అంతకంటే కష్టం. పక్కనుంచి గంటకి 10 మైళ్ల గాలి వీస్తే 300 గజాల దగ్గర ఆ బుల్లెట్ సుమారు ఐదారు అంగుళాలు జరుగుతుంది. గాలిని కొలిచే మెషీన్ మీ దగ్గరే ఉంటుంది, జంతువు దగ్గర వీచే గాలిని అది చెప్పదు. గడ్డి వంగడం, ఆకులు తిరగడం చూసి నేర్చుకోవాల్సిందే. కొండ మీంచి కిందికి కాల్చేటప్పుడు వాలు వెంట కాకుండా సమతలంగా కొలిచిన దూరమే లెక్క. 30 డిగ్రీల వాలులో 400 గజాలు కనిపిస్తే దాదాపు 346గా కాల్చాలి.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. ఒకసారి కొండ దారిలో జీపులో పోతుంటే రైఫిల్ పెట్టె రెండుసార్లు సీటు మీంచి జారింది. పెట్టె గట్టిదేగా అనుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున 280 గజాల దగ్గర ఎడమవైపు తిరిగి నిలబడ్డ జంతువుని భుజం వెనక గురిపెట్టి కాల్చాను. పొట్టలో తగిలింది. దాని రక్తపు చుక్కల వెంట ఐదు గంటలు నడిచి, రెండో తూటాతో ముగించాను. ఆ ఐదు గంటలూ అది పడ్డ బాధ నా నిర్లక్ష్యం వల్లే. సాయంత్రం 100 గజాల కాగితం మీద కాలిస్తే తూటాలు 4 అంగుళాలు కుడికి పోయాయి. వెనక రింగులో ఒక స్క్రూ వేలితో తిప్పితేనే తిరిగింది.

అప్పటినుంచి ప్రతి ప్రయాణం అయ్యాక, వేట మొదలెట్టకముందు చల్లటి బ్యారెల్‌తో ఒకే ఒక తూటా 100 గజాలకి కాలుస్తాను. వేటలో లెక్కకొచ్చేది ఆ మొదటి తూటాయే కాబట్టి అది ఎక్కడ తగిలిందో తేదీ, చలి, గాలి రాసి ఆ కాగితం నోట్‌బుక్‌లో అంటిస్తాను. స్కోప్ స్క్రూ తలల మీంచి రింగు మీదికి గోళ్ల రంగుతో సన్నటి గీత గీసి ఉంచాను. పొద్దున పెట్టె తెరవగానే టార్చి వేసి ఆ గీతల్ని చూస్తాను. ఒక్కటి విరిగి కనిపించినా ఆ రోజు వేట లేదు, మళ్లీ రెంచ్, ఇసుక సంచులు, 25 గజాల కాగితం.